వెర్లాక్ గోడ రాయి

ఆ ఉదయం ఆకాశం కువైట్ మీద ఇసుక జల్లిస్తోంది. సూర్యుడు ఉన్నాడో లేడో తెలియని పచ్చటి మసక.

రిగ్గై పేటలో కుక్కుటేశ్వరరావు నడిపేది పైకి మెస్సు. అసలు అతను మన గూఢచారి శాఖకు అక్కడి చీఫ్. తన కింద పనిచేసే రామాంజనేయులు ముందు ఇడ్లీల పళ్లెం పెట్టి, పక్కన నేల తుడిచే మాప్ కర్ర ఆనించాడు.

"ఇందులో జామరుంది అబ్బాయ్. ముఠావోళ్ల రిమోట్‌ని ఆపుద్ది. బ్యాటరీ ఒక్క నిమిషమే. ఎగ్జిబిషన్ హాల్లో బాంబు ఇవాళే. ఎందులో పెట్టారో చంద్రావతి చెప్పాలి. కోడ్ వర్డ్ 'గోదారి'. రాత్రి నుంచి ఆవిడ ఫోను పలకడంలేదు."

"ఆయమ్మ ముఠా మనిషి గదన్నా?"

"మన మనిషి కూడానయ్యా. అదే తంటా."

"పేలిందనుకో?"

"హాల్లో క్లీనర్లంతా మన తెలుగోళ్లే. నింద ఆళ్ల మీదే. ఇక్కడ ఉండనిచ్చే ఇఖామా కార్డులన్నీ ఖలాస్."

హాల్లో వెర్లాక్ అనే చిన్న ఫ్రెంచి ఊరి యుద్ధకాలపు ప్రదర్శన. సగం కూలిన చర్చి గోపురం, పేల్చేసిన వంతెన, జనం దాక్కున్న రొట్టెల కొట్టు నేలమాళిగ, అన్నీ నిలువెత్తు ఫోటోల్లో. మధ్యలో బల్ల మీద ఒక రాయి. బందీలను నిలబెట్టి కాల్చిన గోడలోది. కువైటీ ముసలివాళ్లు దాని ముందు చాలాసేపు నిలబడతారు. ఇరాక్ దాడి రోజుల్లో అలాంటి గోడలు వాళ్లూ చూశారు.

గైడ్ చంద్రావతి యానాం పిల్ల. నల్ల గౌను, ఎర్రటి పెదాలు, తడుముకోని ఫ్రెంచి. ఆమె ముత్తాత ఫ్రెంచి సైన్యంలో చేరి ఆ గోడ దగ్గరే తూటాలకు పోయాడు. రాయి దగ్గరికి రాగానే హైహీల్స్ పక్కన విడిచి గానీ ఆమె మాట మొదలుపెట్టదు. వారంగా నేల తుడుస్తున్న రామాంజనేయులు రోజూ చూస్తూనే ఉన్నాడు.

ఇవాళ ఆమె వెనకాల బూడిదరంగు సూటు మనిషి. చేయి జేబులో ఉంది. తెలుగు ముక్క వినబడితే అక్కడే మీట నొక్కేట్టున్నాడు. ఆమె రాయి ముందు ఆగింది. జనం చుట్టూ మూగారు. సూటు మనిషి మెల్లగా తలుపు వైపు జరిగాడు.

ఆమె హైహీల్స్ విడవలేదు.

రామాంజనేయులు తుడవడం ఆపాడు. ముత్తాత నెత్తురు చిందిన రాయి ముందు ఈ పిల్ల చెప్పులతో నిలబడదు. ఇది ఆ రాయి కాదు, బాంబు ఇందులోనే.

నేల తుడుస్తూ తలుపు దాకా పోయి, కర్ర పిడి తిప్పి జామర్ ఆన్ చేశాడు. అతని పక్కనే సూటు జేబులో వేలు కదిలింది. మళ్లీ కదిలింది. సూటు మనిషి మొహం మాడింది. మూడోసారి నొక్కడానికి రిమోట్ బయటికి తీసేసరికి మాప్ కర్ర మోచేతి మీద పడింది. రిమోట్ తడి నేల మీద జారిపోయింది.

మధ్యాహ్నం మెస్సుకు ఢిల్లీ మెసేజ్ వచ్చింది. రాయి మార్చిన చేతుల్లో చంద్రావతి చేయీ ఉంది. మన మనిషని ఒప్పుకోవద్దు. కువైట్ పోలీసులకు అప్పగించండి.

"మార్చకపోతే నన్ను ఆళ్లు బతకనిచ్చేవోరా అండి?" అంది రామాంజనేయులు వెంట మెస్సుకు వచ్చేసిన చంద్రావతి.

"కాపాడింది ఈయమ్మేనని పోలీసోళ్లకు నేను చెప్తా," అన్నాడు రామాంజనేయులు.

"చెప్పడానికి నువ్వెవరివి? నేల తుడిచేవోడివి," అన్నాడు చీఫ్, అతని వైపు చూడకుండా.

కింద పోలీసు బండి ఆగింది.

"తినేసి ఎల్తానండి," అందామె.

చీఫ్ స్వయంగా వడ్డించాడు. ముగ్గురూ ఒకే బల్ల దగ్గర తలొంచుకుని తిన్నారు. చేపల పులుసులో ఉప్పే లేదు. ఎదుటివాళ్ల పొరపాట్లు పట్టుకుని బతికే ఆ ముగ్గురిలో ఒక్కరూ ఆ మాట ఎత్తలేదు.