ప్రతిపాదన పత్రంపై ఎర్ర గీత

కాఫీ గ్లాసు పక్కనున్న కాగితాన్ని పెద్దాయన దగ్గరకు లాక్కున్నారు. తన నిఘంటువు కొత్త ముద్రణకు ముందుమాట టైపు చేసి పెడతానని కూతురు నిన్ననే అన్నది కదా! కళ్ళజోడు సవరించుకుని జేబులోంచి ఎర్ర పెన్సిల్ తీశారు. తప్పు కంటబడితే దిద్దకుండా వదలడం ఆయన జన్మలో లేదు.

'నలభై వేల పదాలను ఆయన ఒక్కరే సేకరించి కూర్చారు' అన్న వాక్యం దగ్గర పెన్సిల్ ఆగింది. 'ఒక్కరే' అన్న మాటను అడ్డంగా కొట్టేసి, పక్కన 'సగం పదాల చీటీలు నా భార్య రాసినవే' అని రాశారు.

కాగితం తిప్పి చూశారు. అది ముందుమాట కాదు. గౌరవ డాక్టరేటుకు తన పేరిట సిద్ధమైన ప్రతిపాదన. ఏడుగురు పూర్వ విద్యార్థుల సంతకాలు; చివర, విశ్వవిద్యాలయంలోనే అధ్యాపకురాలైన కూతురి సంతకం. దానిపైన హామీ: 'ఈ సంగతి అభ్యర్థికి ఏమాత్రం తెలియదని ధ్రువీకరిస్తున్నాను.'

అభ్యర్థికి తెలియకూడదన్న ఆ నిబంధన రాసింది ఆయనే. అక్కడే రిజిస్ట్రారుగా ఉన్న రోజుల్లో, సంగతి ముందే తెలిసిపోయిందని ఒక వృద్ధ వైద్యుడి కాగితాలను తిప్పి పంపారు. తప్పుడు హామీ ఇచ్చిన అధ్యాపకుణ్ణి కొలువులోంచి తీయించారు. అతని ముఖం ఇప్పుడు కళ్ళ ముందు మెదిలింది. రబ్బరు పెట్టి రుద్దారు. ఎరుపు మరింత అలుముకుంది.

"నాన్నా, ఇక్కడో కాగితం ఉండాలి, చూశారా? పదకొండింటికల్లా ఆఫీసులో ఇచ్చెయ్యాలి." సంచీ భుజాన వేసుకుని కూతురు వచ్చింది.

ఆయన దాన్ని దినపత్రిక కిందికి తోశారు. "ఏ కాగితం?"

"అంత చెమటలేమిటి? ఒంట్లో బాగాలేదా?"

"పొద్దున్నే ఆ పెన్సిల్ పట్టుకు కూర్చున్నారే. ఎవరి కొంప ముంచారో అడుగు!" అన్నది తల్లి వంటింటి గుమ్మంలోంచి.

"దీని కొంపే," అంటూ ఆయన కాగితం బయటికి తీశారు.

కూతురు ముఖం పాలిపోయింది. "రెండేళ్ళు తిరిగాను నాన్నా! మెచ్చుకున్నా దిద్దకుండా ఉండలేరా? సరే, ఎవరికి తెలుస్తుంది? మళ్ళీ సంతకాలు తెస్తాను."

"నాకు తెలుసు. నీకు తెలుసు. ఇక నీ సంతకం అబద్ధమేనమ్మా. రేపు నిన్ను కమిటీ ముందు నిలబెడితే నేను బతికుండి చూడలేను."

కూతురు కుర్చీలో కూలబడింది. తల్లి కాగితం అందుకుని చదివింది. ఎర్రగా రాసిన చోట వేలు పెట్టింది.

"పుస్తకం అచ్చై ముప్పై ఏళ్ళయింది. ఇంతవరకూ ఈ ముక్క ఎక్కడా లేదేం?"

"రాయాలంటే భయమేసింది," అని ఒప్పుకున్నారాయన. "నా పాండిత్యం సగానికి దిగిపోతుందేమోనని."

కూతురు కళ్ళు తుడుచుకుని, ఏడుగురిలో పెద్దవాడికి ఫోను చేసి, ప్రతిపాదన పంపడం లేదని చెప్పింది. ఆపైన తెల్లకాగితం తీసింది. "ముందుమాట నిజంగానే రాయాలి. మొదటి వాక్యం చెప్పండి."

"ఈ నిఘంటువు కర్తలు ఇద్దరు," అన్నారాయన. అంతలో భార్య పాత కాగితాన్ని మడవడం గమనించి కంగారు పడ్డారు. "వెనక్కి తీసుకున్న ప్రతిపాదనను చించెయ్యాలి. అది నిబంధన!"

"మీ కమిటీలో నేను లేను లెండి," అంటూ ఆమె దాన్ని తన పాత చీటీల డబ్బాలో పెట్టి మూత బిగించింది.