బెల్హమ్ వాగు అవతల

నా వ్యాన్‌కి అడ్డంగా మేకలు నిలబడ్డాయి, గాడిదలు నిలబడ్డాయి, ఒకసారి చూపు ఆనని పాస్టరుగారు కూడా నిలబడ్డారు. కావాలని వచ్చి నిలబడ్డ మనిషి మాత్రం ఆ పిల్లే.

గట్టిగా బ్రేకు తొక్కాను. వెనక ట్రేలోంచి రెండు రొట్టెలు ఎగిరొచ్చి నా మెడ మీద పడ్డాయి.

"బతకాలని లేదా నీకు?" అని కిటికీలోంచి అరిచాను.

"ఉంది. అందుకే మర్యాదగా చెయ్యూపాను. నువ్వు చూసుకోలేదు. అందుకని అడ్డమొచ్చాను," అంది, ఏమీ జరగనట్టు.

తప్పు నాదే. మా మాంట్సెరాట్ దీవిలో రోడ్డు మీద చెయ్యూపిన మనిషిని ఎక్కించుకోకుండా వెళ్తే సాయంత్రంలోగా ఆ సంగతి మా అమ్మ చెవిన పడుతుంది. నేనేమో అలవాటు ప్రకారం రోడ్డు వదిలేసి అగ్నిపర్వతం కొండ వైపు చూస్తున్నాను. పొద్దున్నే కొండ శిఖరం శుభ్రంగా కనపడుతోంది. మనసు కుదుటపడింది.

ఆ పిల్ల తలకి పసుపుపచ్చ గుడ్డ కట్టుకుంది. చొక్కాకి ఓడవాళ్ళిచ్చిన బిళ్ళ ఉంది. కెరీన్ ఆలీన్, హెయిర్ సెలూన్. తెల్లారేసరికి లిటిల్ బే రేవు ఎదురుగా లంగరేసిన టూరిస్టుల ఓడ వాళ్ళదే.

"టూర్ బస్సులు అటు పక్కన ఉన్నాయి," అన్నాను.

"చూశాను. బస్సు నిండా నేను కడిగిన తలలే. వారం రోజుల్నుంచీ వాటినే చూస్తున్నా. ఈ ఒక్క పూటా నాకు తలన్నది కనపడకూడదు."

"నాకూ తల ఉందిగా?"

"నీది గుండు. పర్లేదు."

అడక్కుండానే తలుపు తీసుకుని ఎక్కి కూర్చుంది. నా మెడ మీద పడ్డ రొట్టె ఒకటి తీసి తుంచుకుంది కూడా.

"గారిబాల్డీ కొండెక్కాలి నేను. బూడిదలో పూడిపోయిన ఊరు అక్కణ్ణుంచి కనపడుతుందట కదా?"

ఆ కొండ బెల్హమ్ వాగుకి అవతల ఉంది.

బెల్హమ్ అంటే నాకు భయం. ఇదేం దాచుకునే సంగతి కాదు, దీవంతా తెలుసు. అందరి ఊళ్ళలో వంతెన కింద వాగు ఉంటుంది. మా దగ్గర వాగు కింద వంతెన ఉంది. అగ్నిపర్వతం కక్కిన బూడిదంతా ఆ లోయలోకి దిగి, నేను చిన్నప్పుడు నడిచిన వంతెనని మింగేసింది. చాలా రోజులు వాగు ఎండిపోయి, ఉత్త ఇసుక మైదానంలా అమాయకంగా ఉంటుంది. కానీ పైన కొండ మీద వాన పడిందంటే, కింద ఎండ ఫెళఫెళా కాస్తున్నా సరే, బూడిదా బండలూ చెట్లూ కలిసి బురదై వచ్చేస్తాయి. అవతలుండే మిస్ ఇడాలియాకి రెండు రొట్టెలివ్వడానికి రోజూ పొద్దున నేను దాన్ని దాటాలి. దాటినంతసేపూ నోట్లో తడి ఉండదు.

ఆ రోజూ లేదు.

"స్టీరింగు అంత గట్టిగా పట్టుకున్నావేంటి? పారిపోతుందా?" అంది కెరీన్, చక్రాలు ఇసుకలోకి దిగగానే.

"నన్ను మాట్లాడించకు."

"దీన్ని వాగంటారా? మా బార్బడోస్‌లో క్రికెట్ ఆడుకునే చోట ఇంతకంటే ఎక్కువ తడుంటుంది."

"మీ బార్బడోస్‌లో చెప్పుకోదగ్గ కొండే లేదు. నీకేం తెలుసు?"

"అబ్బో! దీవి చిన్నదైనా నోరు పెద్దదే. నేనూ దీవి పిల్లనే బాబూ. ఆకాశం చూశానంటే వాన ఎప్పుడొస్తుందో చెప్పేస్తాను."

"ఇక్కడ చూడాల్సింది నెత్తిమీద ఆకాశం కాదు. అదిగో, ఆ కొండ మీదది."

"చిత్తం గురువుగారూ," అని నవ్వింది. ఆ పిల్లకో అలవాటుంది. హాస్యమాడితే అది పూర్తికాకముందే తనే నవ్వేస్తుంది. ఆ నవ్వు చూస్తూ సగం వాగు భయపడటం మర్చిపోయాను. నా జీవితంలో అలా జరగడం అదే మొదటిసారి.

కొండ మొదట్లో దింపాను. మూడున్నరకి ఓడకి ఆఖరి పడవ. అది తప్పితే తన ఉద్యోగం కూడా ఓడతోపాటే వెళ్ళిపోతుందని చెప్పింది.

"రెండున్నరకల్లా వస్తాను. రోజుకి ఒక్కసారి కంటే వ్యాన్‌ని ఇసుకలో దించితే మా యజమాని ఊరుకోడు. అందుకని అటు ఒడ్డున ఆగి హారన్ కొడతాను. వినగానే నడిచి వచ్చెయ్. హారన్ వినపడకపోతే మాత్రం ఇసుకలో కాలు పెట్టకు. ఎండ ఎంత కాస్తున్నా సరే. విన్నావా?"

"హారన్ లేనిదే కాలు పెట్టను. ఒట్టు," అని నెత్తిన చెయ్యి పెట్టుకుంది. "ఇంతకీ నీ పేరు?"

"టెవిన్."

"రొట్టెలబ్బాయే బాగుంది," అని చకచకా కొండెక్కడం మొదలుపెట్టింది.

మధ్యాహ్నం రెండు దాటాక వాగుకి ఇవతలున్న మా సేలమ్ ఊళ్ళో మిస్ క్లారిస్ కొట్లో ఆఖరి ట్రే దించుతున్నాను.

"ఏంట్రా, ఇవాళ ఈల కూడా వేస్తున్నావు? ఏంటి సంగతి?" అంది ఆవిడ.

"ఏం లేదు మిస్ క్లారిస్."

"ఏం లేనివాడు ఈల వెయ్యడు," అంటూ వీధి వైపు చూసి ఆగిపోయింది. "అదేంట్రా టెవిన్, కొండేదీ?"

చూశాను. కొండ లేదు. అది ఉండాల్సిన చోట నల్లటి మబ్బు నేలదాకా దిగి కూర్చుంది. మా నెత్తిన మాత్రం ఎండ మాడుస్తోంది. వీధిలో కోళ్ళు నీడ వెతుక్కుంటున్నాయి.

ట్రే చేతిలోంచి జారింది. వ్యాన్ ఎక్కింది గుర్తుంది. మలుపులు ఎలా తిప్పానో గుర్తులేదు. దారంతా ఒకటే అనుకుంటున్నాను. ఒట్టేసింది. హారన్ లేనిదే దిగదు. ఒట్టేసింది.

ఒడ్డుకి చేరాను. ఇసుక మధ్యలో వేలెడు వెడల్పున బూడిదరంగు నీరు పాకుతోంది. మా దీవిలో పుట్టినవాడెవడైనా ఆ నీరు చూస్తే వెనక్కి తిరిగి పరిగెత్తుతాడు. తడిబూడిద వాసన ముక్కుకి తగిలింది.

అవతలి ఒడ్డున పసుపుపచ్చ గుడ్డ కనపడింది. సరిగ్గా అంచు మీద, ఒక రాయి మీద కూర్చుని, కాళ్ళూపుకుంటూ నాకోసం ఎదురుచూస్తోంది. తన నెత్తి మీద మబ్బు తునక కూడా లేదు.

వెనక్కి పో, పైకి పో అని అరవాలి. అరవలేదు. నా చెయ్యి నన్నడక్కుండా హారన్ మీద పడింది. బలమంతా పెట్టి నొక్కాను.

కెరీన్ లేచి నిలబడింది. చెయ్యూపింది. ఇసుకలోకి దూకింది.

అప్పుడు తెలిసింది నేనేం చేశానో. హారన్ కొడితే రమ్మంది నేనే. ఆ పిల్లని వాగులోకి పిలిచింది నేనే.

వ్యాన్ దిగి రెండు చేతులూ ఊపాను, వెనక్కి వెళ్ళమని. తనూ రెండు చేతులూ ఊపింది. పైగా రెండడుగులు డాన్సు కూడా చేసింది. ఎగువన మలుపు అవతల బరువు లారీ ఎక్కుతున్నట్టు చప్పుడు మొదలైంది. ఆ దారిలో లారీలు తిరగవు.

పరిగెత్తాను. అంత ధైర్యం ఎలా వచ్చిందని తర్వాత చాలామంది అడిగారు. ధైర్యం లేదు, ఏమీ లేదు. భయంతోనే పరిగెత్తాను. ఒక చెప్పు ఇసుకలో ఉండిపోయింది. వేలెడు నీరు మడమల దాకా వచ్చింది. నేల కింద ఏదో అదురుతోంది.

"ఏంటా తొందర? నేనే వస్తున్నాగా!" అని నవ్వుతూ అరిచింది. ఇంకాస్త దగ్గరికొచ్చాక నా మొహం చూసింది. నవ్వు ఆగిపోయింది.

మణికట్టు పట్టుకుని వెనక్కి తిప్పాను. "పరిగెత్తు!"

"ఓడ అటు కదా..."

"ఓడ సంగతి తర్వాత! పరిగెత్తు కెరీన్!"

పరిగెత్తాం. మధ్యలో పడింది, లేపాను. తర్వాత నేను పడ్డాను, తను లేపింది. నీరు చిక్కబడి మోకాళ్ళని పట్టుకుంటోంది. చప్పుడు ఎంత పెరిగిందంటే తను ఏదో అరుస్తుంటే పెదాలే కనపడుతున్నాయి. ఒడ్డు చేరాం. తనని పైకి నెట్టాను. నేను ఎక్కబోయేసరికి బురద నా కాళ్ళు లాగేసింది. అయిపోయిందనుకున్నాను. అంతలో రెండు చేతులు నా చొక్కా కాలర్ పట్టుకుని ఒక్క గుంజు గుంజాయి. తలలు రుద్దే చేతుల్లో అంత బలం ఉంటుందని అప్పటిదాకా నాకు తెలియదు.

ఒడ్డున వెల్లకిలా పడి చూశాం. వాగు నిండా బూడిదరంగు బురద ఎగిరెగిరి పడుతూ వెళ్తోంది. చెట్లు వేళ్ళతో సహా పోతున్నాయి. ఇందాక మేమిద్దరం కలుసుకున్న చోట నా వ్యానంత బండ ఒకటి దొర్లుకుంటూ వెళ్ళింది. ఇద్దరం దాన్నే చూశాం.

తర్వాత కెరీన్ లేచి నా గుండెల మీద పిడికిలితో గుద్దింది.

"హారన్ కొట్టావు!"

"కొట్టాను."

"కొడితే రమ్మన్నావు!"

"అవును. చేతులారా నేనే చంపేసేవాణ్ణి నిన్ను. నువ్వు కనపడగానే భయమేసింది, చెయ్యి దానంతటదే పోయింది..." ఏడ్చేశాను. ఆడపిల్ల ముందు ఏడవకూడదనే బింకం ఆ క్షణంలో నాకు గుర్తుకి రాలేదు.

తను కొట్టడం ఆపి నా వైపు చూసింది. "మరి నువ్వెందుకు దిగావు? నీ ఒడ్డున నువ్వుండొచ్చుగా."

"తెలీదు. నువ్వు అందులో ఉన్నావు."

కెరీన్ తలగుడ్డ విప్పి నా కళ్ళలో బురద తుడిచింది.

అరుగు మీంచి అంతా చూసిన మిస్ ఇడాలియా కర్ర పోటేసుకుంటూ దిగొచ్చింది. "బతికున్నారుగా? అయితే లేవండి. ఆ బురద నా గుమ్మం బయటే వదలాలి," అని మమ్మల్ని తోలుకెళ్ళింది. వాగు తగ్గడానికి రేపటిదాకా పట్టొచ్చు. సముద్రానికి మాత్రం వాగు అడ్డం రాదు. ఆవిడ ఫోన్ తీసి, చేపల పడవ నడిపే మా డాల్ఫస్ మావయ్యని కింద తీరానికి రమ్మంది. తర్వాత మా అమ్మకి చేసి, ఉన్నదున్నట్టు చెప్పేసి, ఫోన్ నా చేతిలో పెట్టింది.

మా అమ్మ గొంతుకి ఫోన్ అక్కర్లేదు. గదంతా వినపడింది.

"ఎవరికోసంరా దిగావు వాగులోకి?"

కెరీన్ వైపు చూశాను. చేతిలో ఉన్న టీ కప్పులోకి తల వంచేసుకుంది.

"పొద్దున ఓడ దిగిన అమ్మాయి కోసమమ్మా. నాకు... నాకు కావాల్సిన మనిషి."

"ఫోన్ ఆ పిల్లకియ్యి," అంది అమ్మ.

ఈసారి అమ్మ గొంతు తగ్గించింది. కెరీన్ అటు తిరిగి, "లేదండీ, దెబ్బలేం తగల్లేదండీ... బార్బడోసండీ... అవునండీ," అంటూ వింది. చివర్లో కళ్ళు తుడుచుకుని ఫోన్ పెట్టేసింది.

"ఏమంది?"

"ఆడవాళ్ళ మాటలు నీకెందుకు?"

మావయ్య పడవ వచ్చేసరికి మూడు దాటింది. ఆయన మా ఇద్దర్నీ ఎగాదిగా చూసి, ఒక్క మాటా అడక్కుండా ఇంజను వైపు తిరిగి కూర్చున్నాడు. వాగు కలిసినచోట సముద్రం మైలు దూరం బురదగా ఉంది. దాన్ని చుట్టుకుని ఉత్తరానికి తిరిగాం.

"ఇంకా వణుకుతున్నావేంటి? వాగు వెనకపడిందిగా," అంది కెరీన్.

"వాగుకి కాదు. ఇంకో పావుగంటలో రేవొస్తుంది."

నవ్వుతుందనుకున్నాను. నవ్వలేదు. బల్ల మీద జరిగి నా పక్కకొచ్చి కూర్చుంది.

"నాకూ అదే భయం," అంది.

అలలు పడవని ఎత్తి వేస్తున్నాయి. ఓడ తెల్లగా, పెద్దదిగా దగ్గరవుతోంది. అంత అసహ్యమైన ఓడని నేనెప్పుడూ చూడలేదు.

"మీ అమ్మగారు ఏమన్నారో చెప్పనా?" అంది ఉన్నట్టుండి. "'మా అబ్బాయికి ఆ వాగంటే ప్రాణం పోతుంది తల్లీ. పొడి ఇసుక మీద కూడా ప్రార్థన చేసుకుంటూ దాటుతాడు. వాడు నీకోసం బురదకి ఎదురొచ్చాడంటే ఇంక నేను అడిగేదేముంది? మా ఇంటికి భోజనానికి ఎప్పుడొస్తావో అది చెప్పు' అన్నారు."

"నువ్వేం చెప్పావు?"

"పన్నెండు రోజుల్లో మా ఓడ పక్క దీవి ఆంటిగ్వాలో ఆగుతుంది. అక్కణ్ణుంచి మీ దీవికి ఎలా రావాలో కనుక్కున్నాను."

డాల్ఫస్ మావయ్య ఇటు తిరగలేదు గానీ, "నేను తీసుకొస్తాలే," అన్నాడు.

రేవు చేరేసరికి మూడూ ఇరవై అయిదైంది. ఆఖరి పడవ నిండిపోయి, తాడు విప్పడానికి సిద్ధంగా ఉంది. కెరీన్ మా పడవలోంచి దూకి పరిగెత్తింది. నేను వెనకే దిగి రేవు మీద నిలబడిపోయాను, ఒక కాలికే చెప్పుతో, గుండు మీంచి అరికాలి దాకా బురదతో. పడవలో తలలన్నీ, తను వారమంతా కడిగిన తలలన్నీ, ఇటు తిరిగాయి.

ముందు వరసలో కూర్చున్న ఓ ముసలావిడ కళ్ళజోడు సవరించుకుంది. "ఏంటమ్మా కెరీన్, ఈ అవతారం? ఆ బురద మనిషెవరు?"

కెరీన్ పడవలో కాలు పెట్టి, వెనక్కి తిరిగి, అందరి ముందూ నా వైపు చూసింది.

"మావాడేనండీ," అంది.