బూజు పోగుల మాటామంతీ

"లైటు ఆపండి! వాటిని మాడ్చేస్తారా ఏంటి?"

ల్యాబ్‌లో అడుగుపెట్టగానే నాకు దక్కిన స్వాగతం అది. సైన్స్ మ్యూజియం కోసం బూజు మీద ఓ చిన్న సినిమా తీయడానికి వెళ్ళాను. అలా అరిచినావిడ బూజు డాక్టరు. అంటే బూజుకు వైద్యం చేయదు, దాని మీద డాక్టరేట్ చేసింది.

"లైటు లేకుండా సినిమా ఎలా తీస్తారండీ?" అని నేనూ, "ముందు అవి బతకాలి కదండీ!" అని ఆవిడా ఒకేసారి అరిచాం.

షూటింగ్ జరిగినన్నాళ్ళూ ఇదే వరస. నేను నోరు తెరిస్తే డాక్టరమ్మా తెరుస్తుంది. ఎవరి మాటా ఎవరికీ ఎక్కదు. అయినా ఇంటికి వెళ్ళాక ఆ గొంతు వినబడకపోతే నాకు తిండి సహించేది కాదు.

ఆఖరి రోజు ఆమెకు ఫోన్ వచ్చింది.

"సాయంత్రంలోగా చెప్తానన్నానుగా అమ్మా! అబ్బాయి మంచివాడే, ఎవరు కాదన్నారు?"

ఫోన్ పెట్టేసి, "పెళ్ళి సంబంధం," అంది ముభావంగా.

ఈ పూటతో నా పని అయిపోతుంది. ఆమె ఎవరికో సరే అనేస్తుంది. చెప్పాలంటే ఇప్పుడే చెప్పాలి.

"ఏవండీ..."

"ష్! మొదలైంది, చూడండి."

మైక్రోస్కోపుకు తగిలించిన స్క్రీన్ మీద వెంట్రుక కన్నా సన్నటి పోగులు రెండు. వాటికి కళ్ళు లేవు, చెవులు లేవు, తల అసలే లేదు. తమ దారిన తాము పెరుగుతున్నవి కాస్తా ఒకదాని వైపు ఒకటి వంగాయి. డాక్టరమ్మ ముందే వాటికి ఎక్కించిన మెరుపు రంగుతో ఒకదాని కొన పచ్చగా మెరిసింది. అది ఆరగానే రెండోది మెరిసింది.

"మెరిసేది పిలుస్తోందన్నమాట," అంది గుసగుసగా. "అప్పుడు రెండోది ఊరుకుని వింటుంది. తర్వాత దాని వంతు."

"రెండూ ఒకేసారి పిలిస్తే?"

"తన పిలుపేదో, అవతలిదేదో తెలియదు కదా!"

కొనలు తాకాయి. మధ్య గోడ కరిగింది. దీనిలోని ప్రాణరసం దానిలోకి పారింది. ఇన్నాళ్ళూ బ్రెడ్డు మీద బూజు కనిపిస్తే తిట్టుకుంటూ చెత్తబుట్టలో పడేసేవాణ్ణి. ఆ మరకలో ఇంత జరుగుతుందా! తిరిగి చూస్తే, వేలసార్లు చూసిన డాక్టరమ్మ కళ్ళల్లోనూ నీళ్ళు.

"నేను..." అన్నాం ఇద్దరం ఒకేసారి.

ఆమె పెదవులు బిగించుకుని, నన్నే చెప్పమన్నట్టు చూసింది.

"ఆ సంబంధం ఒప్పుకోకండి. మీరంటే నాకు ప్రాణం. మీ చేత తిట్లు తినకపోతే నాకు రోజు గడవదు."

ఆమె అడ్డు రాలేదు. నేనూ అతికష్టం మీద నోరు మూసుకుని కూర్చున్నాను.

"అమ్మకి జవాబివ్వకుండా ఇన్నాళ్ళూ ఎందుకు నాన్చాననుకున్నారు?" అంటూ ఫోన్ తీసింది. "అమ్మా, వాళ్ళకి వద్దని చెప్పు. కారణమా? ఇక్కడే ఉన్నాడు, నువ్వే మాట్లాడు."

ఫోన్ నా చేతిలో పెట్టింది. నమస్కారం ఆంటీ అందామనుకున్నాను.

"నమస్కారం అత్తయ్యా!"

డాక్టరమ్మ తల పట్టుకుంది. అవతల గొంతు సవరించుకోవడం వినిపించింది.

"ఊఁ, చెప్పు బాబూ. వింటున్నాను."