అడుగరి నడిచిన దారి

కూలిన ఇంటి ధూళి ఇంకా కనుబొమలపై ఉండగానే చెంచురామయ్య తరువాతి ఇంటి వైపు నడక సాగించాడు. అతని వెనుక, నూరు చక్రాల చదునుబండిపై, ఊరినంతా చల్లబరిచే శీతలగోళం కదలివస్తోంది. కొండమీది నగరంలో ఈ వేసవి వేడికి మనుషులు నిద్రలోనే మరణిస్తున్నారు. గోళం చేరితే బతుకుతారు. కాని దాని వెడల్పు రోడ్డును మించింది. సముద్రం పైకి వచ్చాక తీరవాసులు ఈ రోడ్డు అంచునే ఇళ్లు కట్టుకున్నారు. అడ్డువచ్చిన గోడలను బండి ముందరి ఉక్కుబాహువులు పడగొడుతున్నాయి.

పూర్వం పెద్ద బరువు కదిలేటప్పుడు ఎర్రగుడ్డ పట్టుకొని ఒక మనిషి ముందు నడిచేవాడు. బండిని నడిపే యంత్రబుద్ధి, పథకర్త, ఆ ఆచారాన్ని శాసనం చేసుకుంది. అలా ముందు నడిచేవాడే అడుగరి; ఈ బండికి చెంచురామయ్య. అడుగరి పాదం మోపిన నేల నిర్బాధం, అంటే అడ్డూ అపాయమూ లేనిది. చక్రం ఆ జాడను విడిచి పోరాదు. నేల గట్టిదనాన్ని తూచే శక్తి ఉన్నా, ఆ పాదాన్ని కాదనే అధికారాన్ని పథకర్త తనకు ఉంచుకోలేదు. దారికి అడ్డులేదని చెప్పింది మనిషి కాలు గనుక, ఏ పాపమూ పథకర్తకు అంటదు. అడుగరి ఆగిపోతే మారు అడుగరి దిగుతాడు.

బండిలో ఉండి చక్రాల ఒత్తిడి చూసే మస్తాన్ చెవియంత్రంలో వేళాకోళమాడాడు. “ఏంది బాబాయ్, పెళ్లికొడుకు నడకా? ఇట్టా అయితే మనం చేరేసరికి చలికాలం వచ్చుద్ది.”

చెంచురామయ్య నవ్వాడు. ఇళ్లు కూలుతుండగా నవ్వడం అతనికి అలవాటైపోయింది.

ఆ ఇంటి గడపలో అంకమ్మ అనే ముసలామె కూర్చొని ఉంది. లోపల మంచంపై ఆమె భర్తకు ఊపిరి గొంతులో ఆడుతోంది. కదిపితే ప్రాణం పోతుందని, ఇల్లు పోయినా పరవాలేదని, పొద్దు వాలేదాకా ఆగితే చాలని ఆమె వేడుకొంది. చెంచురామయ్య ఆ మాటను పథకర్తకు విన్నవించాడు. బండి మీంచి అందరికీ వినబడేలా మెత్తని స్వరంతో జవాబు వచ్చింది.

“నివాసులు ఇద్దరు. ఒకరు నడవగలరు. రెండవవారు రేపటి జనాభాలో లేరు. కొనసాగండి.”

అంకమ్మ విన్నది, ఏడవలేదు. లోపలికి వెళ్లి భర్త నోట్లో తడిగుడ్డ పిండి వచ్చి, మళ్లీ గడపలోనే కూర్చుంది.

“రా నాయనా. మూడో అడుగు మా నెత్తినే పెట్టు. ఆ దేవుడన్నా అడిగి పెట్టాడు.”

అతని కాలు తడబడింది. చెవిలో హెచ్చరిక మోగింది. వెనుక మారు అడుగరి అప్పుడే బూట్లు బిగించుకుంటున్నాడు. గత వారం ఒక బడిని తొక్కించి వచ్చినవాడు.

“ఆగొద్దు బాబాయ్,” అన్నాడు మస్తాన్. ఈసారి ఆ గొంతులో వేళాకోళం లేదు. “నువ్వాగినా ఆ ఇల్లు మిగలదు.”

“ఆగను లేరా.”

చెంచురామయ్య ఎడమకు తిరిగాడు. రోడ్డు దిగువన, మొన్నటి గాలివానకు నానిన రేగడి చేను ఉంది. గట్టు దిగి అందులో అడుగు పెట్టాడు; మడమ దాకా దిగబడింది. కాలు పెరుక్కొని మరో అడుగు వేశాడు.

“పాదం మోపబడింది. నిర్బాధం,” అని పథకర్త ప్రకటించింది. నూరు చక్రాలూ చేను వైపు తిరిగాయి.

“బాబాయ్, అది రేగడి. కూరుకుపోద్ది.” అన్నాడు మస్తాన్. “కొండమీద నా కూతురుంది.”

“తెలుసురా. నువ్వు దిగు. ముందు చక్రాలు వంగకముందే దిగు.”

మస్తాన్ దూకాడు. పరుగెత్తుకొచ్చి అతణ్ణి కొట్టలేదు, తిట్టలేదు; రోడ్డు అంచున నిలబడి, గోళం ఒక పక్కకు ఒరుగుతూ నల్లమట్టిలోకి దిగడాన్ని చూస్తూ ఉండిపోయాడు. ఇరుసులు ఒక్కొక్కటిగా విరిగాయి.

అప్పుడు చెంచురామయ్య చెవిలో ఆ మెత్తని స్వరం మళ్లీ వినిపించింది. ఈసారి అది ఆజ్ఞ కాదు.

“అడుగరీ, ఈ నేల నిర్బాధమేనా?”

పథకర్త ఒక మనిషిని అడగడం అదే మొదలు. చెంచురామయ్య బురదలోంచి కాలు తీసి, జవాబుగా ఇంకొక అడుగు ముందుకు వేశాడు.