మిరప రాశిలో లూసమ్మ

యుద్ధం నాలుగో ఏడు. నరసరావుపేటలో ప్రైవేటు డిటెక్టివ్ బసవపున్నయ్య అప్పటికే అలిసిపోయి ఉన్నాడు. తప్పిపోయిన ఎడ్లు, మాయమైన మొగుళ్లు తప్ప ఆయన దగ్గరకు వేరే కేసులు రావడం లేదు. ఆ మధ్యాహ్నం రొంపిచెర్ల నుంచి ఆదెమ్మ అనే కూలిమనిషి వచ్చి గుమ్మంలో నిలబడితే, సహాయకుడు నాగూర్ వలి స్టూలు చూపించాడు. ఆమె కూర్చోలేదు.

"పుస్తకం దొంగతనం నా మీద పెట్టారయ్యా. రేపటికల్లా ఒప్పుకోకపోతే పాక ఖాళీ చెయ్యమన్నారు. అచ్చరం ముక్క రానిదాన్ని, పుస్తకం నేనేం చేసుకుంటా?"

"అమ్ముకోవటానికంటారు," అన్నాడు బసవపున్నయ్య, చొక్కా వేసుకుంటూ. "పద."

పెట్రోలు కరువై బొగ్గుతో నడుస్తున్న బస్సులో ఆదెమ్మ సంగతంతా చెప్పింది. రొంపిచెర్లలో వీరరాఘవమ్మ అనే ఆసామి వాకిట్లో ఆడవాళ్లు మిరపకాయల తొడిమలు, వాళ్ల మాటలో ముచ్చికలు, తీస్తుంటారు. రోజూ మిషను బడి టీచరు జీవరత్నం వచ్చి, అరుగు మీద కూర్చుని ఒక ఇంగ్లీషు నవల చూస్తూ తెలుగులో చెబుతుంది. వందేళ్లు పైబడిన ఇంగ్లండు కథ. లూసిండా అనే పిల్ల ఇష్టం లేని పెళ్లి తప్పించుకుని, మగవేషంలో గుర్రమెక్కి పారిపోతుంది. వీళ్లకు ఆమె లూసమ్మ. నిన్న చదవడం అయ్యాక పుస్తకం కనిపించలేదు. ఈ పొద్దున నీళ్లు చల్లి బస్తాలకెత్తుతుంటే రాశిలోంచి తడిసి బయటపడింది. రాశి పోసింది ఆదెమ్మ.

బస్సు దిగి వాకిట్లోకి వెళ్లగానే వీరరాఘవమ్మ పుస్తకాన్ని బసవపున్నయ్య చేతిలో పెట్టింది. "మా తమ్ముడు మద్రాసులో కొన్నది. రేపొస్తాడు. మిగతా కథ తనే చదివి వినిపిస్తానన్నాడు. ఇప్పుడేమని చెప్పను?"

"ఆ మాట ఎవరెవరికి తెలుసు?"

"అందరికీ. నిన్న అరుగు మీదే చెప్పా."

బసవపున్నయ్య పుస్తకం తిప్పాడు. సగం దాకా కాగితాల అంచులు చాకుతో కోసి ఉన్నాయి. తరువాతివి అచ్చాఫీసు నుంచి వచ్చినట్టే, మడతల దగ్గర కోయకుండా మూసుకునే ఉన్నాయి.

"కథ ఎందాకా వచ్చింది ఆదెమ్మా?"

"లూసమ్మ ఓడెక్కిందయ్యా. గాలివాన. చుక్కాని పట్టేవోడు పడిపోతే తనే పట్టుకుంది. చానా గట్టిది."

కబురు పెడితే జీవరత్నం వచ్చి అరుగు మీద తన చోట కూర్చుంది. కుడి కన్ను ఎర్రగా వాచి ఉంది. చేతులు పమిట చెంగులో చుట్టుకుంది. మజ్జిగ వాసన వచ్చింది.

"ఏడ్చారా అమ్మా?"

"పుస్తకం అట్టా పాడైతే ఏడుపు రాదా అండీ."

వలికి జాలేసింది. బసవపున్నయ్య మాత్రం అందరినీ పిలవమని, అరుగు మీద కూలబడ్డాడు.

"తెల్లారితే రాశి మీద నీళ్లు పడతాయని ఇక్కడ పని చేసేవాళ్లందరికీ తెలుసు. ఎండుకాయ పగలకుండా చల్లుతారు. వాళ్లెవరూ పుస్తకాన్ని అందులో దాచరు. దాచింది పొద్దున పూట ఇక్కడ ఉండని మనిషి. మీరంతా చేతికి ఆముదం రాసుకుని కాయ ముట్టుకుంటారు. రాసుకోని చెయ్యి మండుతుంది, మజ్జిగలో ముంచాలి. ఏడిస్తే రెండు కళ్లూ ఎర్రబడతాయి. ఆ చేత్తో తుడుచుకుంటే ఒక్కటే వాస్తుంది."

అందరూ జీవరత్నం వైపు చూశారు.

"ఆవిడెందుకు చేస్తారు సార్?" అన్నాడు వలి.

"కోయని కాగితాలు ఎవరు చదవగలరు? ఓడ, గాలివాన ఆవిడ సొంత కల్పన. రేపు వీరరాఘవమ్మగారి తమ్ముడు చదివితే అది బయటపడుతుంది."

జీవరత్నం పమిట చెంగులోంచి చేతులు బయటికి తీసింది.

"సగంలో ఆ పిల్ల ఇంటికి తిరిగెళ్లి, ఆ పెళ్లి కుదిర్చిన పెదనాన్న ముందు తలొంచుకుని కుట్టుపనికి కూర్చుందండీ. అక్కడి నించి కొయ్యబుద్ధి కాలేదు. అట్టా కూర్చునేవాళ్లని రోజూ చూస్తానే ఉన్నా." ఆమె గొంతు తగ్గింది. "ఆదెమ్మ మీదకొస్తదనుకోలేదు."

"వచ్చినాక చెప్పలేదుగా," అంది ఆదెమ్మ.

వీరరాఘవమ్మ ఎటో చూస్తూ, "పాకలోనే ఉండవే," అంది.

ఆదెమ్మ గంప ముందుకు తోసింది. "దిగు టీచరమ్మా. మా పక్కన కూకుని ముచ్చికలు తీస్తా కథ చెప్పు."

జీవరత్నం దిగి కూర్చుంది. బస్సు వేళయిందని వలి గుర్తు చేశాడు. బసవపున్నయ్య కళ్లు మూసుకుని స్తంభానికి ఆనుకున్నాడు, లేవలేదు.

జీవరత్నం ఆముదం గిన్నె కోసం చెయ్యి చాపింది. ఆదెమ్మ దాన్ని అవతలికి జరిపింది.

"ఇయ్యాల వద్దులే," అంది. "ఊఁ, చుక్కాని పట్టుకుంది. తరవాత?"