మట్టికి పోయొచ్చిన

బిజినేపల్లి దారిలో పాడుబడ్డ పల్లీల మిల్లు ఒకటుంది. పొద్దుగూకాక దాని ముందు ఎవరూ బండి ఆపరు. చెయ్యెత్తితే ఎక్కడైనా ఆపే బస్సు డ్రైవర్లు కూడా అక్కడికొచ్చేసరికి చూపు తిప్పేసుకుంటారు.

అక్కడ 'అది' నేలమీద నల్లగా పడుకుని ఉంటుందట... మనిషి దగ్గరికి రాగానే లేస్తుందట. లేచి పేరు పెట్టి పిలుస్తుందట. పలికినవాడు తెల్లారేసరికి దవాఖానలో తేలతాడట.

భాస్కర్‌కి ఇవన్నీ తెలుసు. వనపర్తిలో కాలేజీ ఉద్యోగం, నాగర్‌కర్నూల్‌లో ఇల్లు, రోజూ పోయే దారి. ఎవరైనా ఆ మిల్లు సంగతెత్తితే నవ్వేవాడు. చదువుకున్నవాడి నవ్వు పగటిపూట బాగానే ఉంటుంది.

ఆ రోజు కొత్తకోటలో పాత విద్యార్థుల కలయిక. యూనివర్సిటీ హాస్టల్లో ఒకే వరండాలో ఉండి ఎం.ఏ. చదివిన పాలమూరు పిల్లలంతా వచ్చారు. పిల్లలంటే బట్టతలలూ షుగరు మాత్రలూ అన్నమాట. ఒక్కొక్కరే మైకు పట్టుకుని కొలువుల, కోడళ్ల, మనవళ్ల ముచ్చట్లు చెప్పుకున్నారు. వేదిక మీద దండేసిన ఫొటో ఒకటి ఉంది. అది మల్లేశ్‌ది.

మల్లేశూ భాస్కరూ ఒకే గదిలో ఉండి, ఒకే కంచంలో తిన్నవాళ్లు. అందుకే ఆ ఫొటో ముందు మాట్లాడే హక్కు ప్రతి కలయికలోనూ భాస్కర్‌దే.

కొన్నేళ్ల కింద ఈ మిత్రుల వాట్సాప్ గ్రూపులో బాలరాజు ఒక ముక్క రాశాడు — 'మల్లేశ్ పోయిండు.' అంతే, దండాలు పెట్టే చేతులు వరస కట్టాయి. మనోళ్లు ఎవరైనా వెళ్లారా అని జయశ్రీ అడిగింది. ప్రాణ స్నేహితుడై ఉండి వెళ్లలేదని రాయడానికి భాస్కర్‌కి మనసొప్పలేదు. 'మట్టికి పోయొచ్చిన. పాడె మోసిన' అని రాశాడు.

మా దిక్కున మట్టికి పోవడమంటే చివరిచూపు చూసి, బొందలో గుప్పెడు మన్నేసి రావడం. అంత పెద్దమాట అతను కుర్చీలోంచి లేవకుండా రాశాడు. పదకొండో రోజు కన్నీళ్లు తెప్పించే వ్యాసం పెట్టి, ఆ చేత్తోనే మల్లేశ్ నెంబరు గ్రూపులోంచి తీసేశాడు. అబద్ధానికి ఎరువెయ్యక్కర్లేదు, దానంతటదే ఏపుగా పెరుగుతుంది. ఈసారి మైకు పట్టుకుని మల్లేశ్ పాడె మీద వాన కూడా కురిపించాడు.

విని కళ్లు తుడుచుకున్న జయశ్రీ, వచ్చే ఆదివారం అందరం కలిసి మల్లేశ్ భార్య బాలమణిని చూసొద్దాం, దారి చూపేది భాస్కరే అంది. అందరూ చప్పట్లు కొట్టారు. భాస్కరూ కొట్టాడు. నాడు ఎవరూ రాలేదని బాలమణి ఒక్కమాటంటే చాలు, ఇన్నేళ్ల పరువూ గంగలో కలుస్తుంది.

ఆ దిగులుతోనే చీకట్లో కారు నడుపుతున్నాడు. యాసంగి కోతల కాలం. రోడ్డు సగం మేర వడ్లు ఆరబోసి, చుట్టూ రాళ్లు పేర్చి ఉన్నాయి. మిల్లు దాటుతుండగా ముందు చక్రం రాయెక్కింది...

టప్పున పేలింది.

దిగాడు. గాలి లేదు. కుక్క లేదు. మిల్లు గోడ చీకట్లో ఇంకా నల్లగా ఉంది. రోడ్డు వారన, నేలమీద... పొడుగ్గా, నల్లగా ఏదో పడి ఉంది.

అది కదిలింది.

ఆ నలుపు మెల్లగా లేచి కూర్చుంది. తల తిప్పి, గుసగుసగా పిలిచింది —

"ఏం సాంబారూ... టైరు పల్గిందా?"

హాస్టల్ మెస్సులో సాంబారు గిన్నెలకు గిన్నెలు తాగే భాస్కర్‌కి ఆ పేరు పెట్టిందీ, ఆ పేరుతో పిలిచిందీ లోకంలో ఒక్కడే. వాడి ఫొటోకి పొద్దున తనే దండేశాడు.

"మల్లేశా... నువ్వు... సచ్చి..."

"ఆఁ, నువ్వే బొంద వెట్టినవ్ గద."

అగ్గిపుల్ల గీసిన చప్పుడైంది. బీడీ వెలుగులో నెరిసిన గడ్డం, లోతుకుపోయిన బుగ్గలు... కిందికి నేలమీద ఆనిన రెండు కాళ్లు. దెయ్యం బీడీ తాగదు. వడ్ల కుప్పకు కావలి పడుకుని, దోమలకు టార్పాలిన్ పట్టా కప్పుకున్న బతికున్న మనిషి అది.

మల్లేశ్ తాపీగా చెప్పాడు. అప్పట్లో అతను పోయింది బతుకుదెరువుకు, భివండీ మరమగ్గాల పనికి. 'పోయిండు' అని బాలరాజు రాసిందీ ఆ ముచ్చటే. తీరా భాస్కర్ మట్టికి పోయొచ్చానని రాశాక, గద్వాలలో కూర్చున్న బాలరాజు కూడా నిజమేననుకుని ఏడ్చాడట. భివండీ నుంచి తిరిగొచ్చాక భార్య తల్లిగారి ఊళ్లో, ఇక్కడే, కౌలు చేసుకుంటున్నాడు. ఈ జాగాలో వడ్లు ఎందుకు పోశావని ఊరోళ్లు అడిగితే, సచ్చినోనికి దెయ్యాల భయమేందని అన్నాడట.

"మరి... గ్రూపుల నువ్వన్న చెప్పొద్దా?" భాస్కర్ గొణిగాడు.

"అన్ని చదివిన. నువ్వు నన్ను తీసేసేదాంక చదివిన." మల్లేశ్ గొంతు పెరగలేదు. అదే భయంగా ఉంది. "ఎవడన్న ఒక్కడు బాలమణికి ఫోన్ చేస్తడేమో, ఏమైందమ్మా అని అడుగుతడేమో అని చూసిన. ఫోన్ చెవికాడ వెట్టుకోని పండుకునేది అది. ఒక్కడు చెయ్యలే."

భాస్కర్ ఏదో అనబోయాడు.

"ఏ బుజం మీద మోసినవ్ర నన్ను?"

మల్లేశ్ బీడీ నలిపేసి లేచాడు. డిక్కీ తెరిపించి, టైరు మార్చాడు. ఆ సాయం చూస్తుంటే తన్నినా బాగుండేదనిపించింది భాస్కర్‌కి. జయశ్రీ వాళ్లు ఆదివారం వస్తారు, నన్ను బయటపెట్టకు, ఎక్కడికన్నా వెళ్లిపో అని ఆఖరికి బతిమాలాడు. సిగ్గువిడిచి చేతులు పట్టుకున్నాడు.

మల్లేశ్ చేతులు విడిపించుకున్నాడు. తర్వాత వంగి, రోడ్డు పక్క నుంచి గుప్పెడు మట్టి తీసి అతని చేతిలో పెట్టి, వేళ్లు మూశాడు. తన జాగాకు పోయి వెల్లకిలా పడుకున్నాడు. పట్టా మొహం మీదికి లాక్కున్నాడు.

"నా మీద పొయ్యి."

"మల్లేశా..."

"పొయ్యిర. నువ్వు పోస్తే ఆదివారం నేను ఇంట్ల ఉండ. బాలమణి గూడ ఉండది."

మిల్లు వైపు నుంచి చిన్న గాలి వచ్చింది. పట్టా అంచు రెపరెపలాడి ఆగింది. భాస్కర్ రోడ్డుకు అటూ ఇటూ చూశాడు... ఎవరూ లేరు.

ఇంత చదువు చదివినవాడు, ఒకే కంచంలో తిన్నవాడు, ఆ గుప్పిట విప్పాడు. పట్టా మీద మట్టి చిటపటమని రాలింది.

కింది నుంచి మెల్లగా గొంతు వినిపించింది —

"ఇగ చెప్పుకో పో... మల్లేశ్ మట్టికి పోయొచ్చిన అని."