నార్సింగిలో దొరికిన గోండు గూడెం

వెంకటనారాయణ గారి యాత్రల కంపెనీకి ఒక మోటారు వ్యాను, ఒక గైడు, ఒక బోర్డు ఉండేవి. వీటిలో ఎప్పుడూ మొరాయించనిది బోర్డు ఒక్కటే. 'ఆదిలాబాదు అడవుల్లో గోండుల జీవితం, కొండదారుల అందాలు' అని ఇంగ్లీషులో, ఉర్దూలో, తెలుగులో రాయించి ఆబిడ్స్‌లో వేలాడదీశాడాయన.

అది 1949. పోలీసు చర్య జరిగి ఏడాది దాటింది. హైదరాబాదు ఎలా ఉందో చూద్దామని బొంబాయి నుంచి, మద్రాసు నుంచి జనం దిగుతున్నారు. చార్మినారు, గోలకొండ అయిపోయాక వాళ్లకి ఇంకేదో కావాలి. ఆ ఇంకేదో తన దగ్గర ఉందని బెజవాడ నుంచి వచ్చిన వెంకటనారాయణ కనిపెట్టాడు.

వ్యాను మాత్రం ఆదిలాబాదు పోనంది. మొదటి ప్రయాణంలో మేడ్చల్ దగ్గరే కూలబడింది. పైగా పెట్రోలు రేషను.

"ఆదిలాబాదులో ఉండేదేంటయ్యా? రాళ్లూ, చెట్లూ, మనుషులూ," అన్నాడాయన గైడు రామచంద్రంతో. "నార్సింగి దారిలో ఇవేమైనా తక్కువా? రేపట్నుంచి అక్కడికే తీసుకెళ్లు."

రామచంద్రం శాలిబండ కుర్రాడు. మెట్రిక్ పాసయ్యాడు. ఇంగ్లీషు, ఉర్దూ ధారాళంగా మాట్లాడతాడు. గోండులను జీవితంలో ఎప్పుడూ చూడలేదు. ఈ చివరి అర్హత వల్లే అతను ఆ ఉద్యోగానికి సరిగ్గా సరిపోయాడు.

మర్నాడు నలుగురు బొంబాయి వాళ్లను ఎక్కించుకుని వ్యాను నార్సింగి దగ్గరి గుట్టల మధ్య ఆగింది. ఇవాళ ఆ దారిలో ఆఫీసుకు పోయేవాళ్లు కారులో కూర్చుని ముసలివాళ్లవుతున్నారు. అప్పుడు ఆ దారిలో మేకలు తప్ప ఎవరూ తొందరపడేవారు కాదు. ఒక బండ మీద పరికిణీ చెక్కుకుని ఒకమ్మాయి సీతాఫలాలు గంపలో సర్దుతోంది.

"ఈమె గోండు కన్య," అన్నాడు రామచంద్రం ఉర్దూలో, చేయి గొప్పగా చాపి. "అడవి దాటి ఎరగదు. మోటారును చూడటం ఇదే మొదటిసారి."

ఆ అమ్మాయి తలెత్తి చూసింది. అతన్ని ఒకసారి, వ్యానును ఒకసారి.

"మేమ్‌సాబ్, మీ బండి వెనక టైరుల గాలి లేదు," అంది శుభ్రమైన ఉర్దూలో.

బొంబాయి మేడం ఆశ్చర్యపోయింది. "ఉర్దూ మాట్లాడుతోందే."

"ప్రకృతి ఒడిలో పెరిగిన వాళ్లకు భాషలు తొందరగా పట్టుబడతాయి మేడం," అన్నాడు రామచంద్రం. అబద్ధానికి అబద్ధం అతుకు వేయడంలో అతనికి మంచి చేయి ఉంది. టైరుకు అతుకు వేయడంలోనే లేదు. డ్రైవరు ఆ పనిలో పడ్డాక ఆ అమ్మాయి బండ దిగి వచ్చింది.

"గోండుదాన్నా నేను?"

"జర మెల్లగ మాట్లాడు."

"మాది నార్సింగి. మా నాయిన వడ్ల లింగమూర్తి, కట్టెపని చేస్తడు. నా పేరు కనకలక్ష్మి. నువ్వు గోండోళ్లను చూసినవా?"

"లే."

"నేను గూడ చూడలే. నేను గోండుదాన్నని నాకే తెల్వదు, నీకెట్ల తెల్సింది?"

"నా నౌకరీ పోతది, నీకు పుణ్యముంటది."

"అబద్ధాలకు గూడ నౌకరీ ఇస్తున్నరా పట్నంల? మా అన్నను తోలిస్త, ఇంతకన్న మంచిగ చెప్తడు."

తిరుగు ప్రయాణంలో వాన పట్టుకుంది. వ్యాను పైకప్పు కారి రామచంద్రం నెత్తి మీద పడుతోంది. అతను మాత్రం ఆ అమ్మాయి అన్న మాటలన్నీ ఒక్కొక్కటే తలుచుకుని నవ్వుకుంటున్నాడు. బొంబాయి వాళ్లు దీన్ని మలేరియా అనుకున్నారు.

ఆ తర్వాత వెంకటనారాయణ ఒకసారి తెల్లాపూర్ వైపు మార్చి చూద్దామన్నాడు.

"లాభం లేదు సార్," అన్నాడు రామచంద్రం నిష్కర్షగా. "గోండులు నార్సింగిలోనే ఎక్కువ."

వ్యాను వచ్చినప్పుడల్లా కనకలక్ష్మి బండ మీద ఉండేది. అతను వస్తాడని కాదట, సీతాఫలాలు పండుతున్నాయట. అతను యాత్రికులకు కట్టుకథలు చెప్పేవాడు, వాళ్లు ఫొటోలు తీసుకునేలోపు ఆమె అతన్ని తిట్టిపోసేది. ఇద్దరికీ ఇది అలవాటైపోయింది. కానీ ఒకనాడు ఎవరో యాత్రికుడు ఆమె ముందుకు బిస్కెట్టు విసిరాడు. కోతికి విసిరినట్టు. కనకలక్ష్మి బండ దిగింది. గంప ఎత్తుకుని వెళ్లిపోయింది. ఆమె తిట్టకుండా వెళ్లడం చూసి రామచంద్రానికి మొదటిసారి భయం వేసింది.

తర్వాతి వారం వ్యానులో మద్రాసు నుంచి వచ్చిన రిటైర్డు హెడ్మాస్టరు దంపతులు, ఒక గుజరాతీ సేటు, ఆయన భార్య వచ్చారు. బండల మీద సగం నార్సింగి కూర్చుని ఉంది. కనకలక్ష్మి అందరికంటే ఎత్తైన బండ ఎక్కి నిలబడింది.

"సూడుండ్రి," అంది ఊరివాళ్లతో, రామచంద్రం లాగే చేయి చాపి. "వీళ్లది పట్నం తెగ. ఎండ తగిల్తే వాడిపోతరు, అందుకే గొడుగు కింద పుడతరు, గొడుగు కిందనే పోతరు. ఆ లావుపాటాయన తెగకు పెద్ద. మెడల తాడు కట్టుకుంటేనే బయటికి వస్తడు. మనుషులతోని మాట్లాడ రాదు వీళ్లకు, మొకానికి డబ్బా పెట్టుకోని చూస్తరు. భయపడకుండ్రి, కరవరు."

ఆమె నాయనమ్మ పోచమ్మ ముందుకు వచ్చి సేటు టై పట్టుకుని చూసింది. "దీన్ని ఇడిపిస్తే ఏమైతది బిడ్డా?" అంది.

ఊరు ఊరంతా నవ్వింది. సేటు భార్య రామచంద్రం వైపు తిరిగింది. "ఏమంటున్నారు వీళ్లు?"

స్వాగత గీతం అని చెప్పడానికి అతనికి క్షణం పట్టదు. నోటి దాకా వచ్చింది కూడా. బండ మీద నుంచి కనకలక్ష్మి చూస్తోంది. నవ్వడం లేదు.

"మనం వాళ్లను చూసినట్టే వాళ్లు మనల్ని చూస్తున్నారు," అన్నాడు. "వీళ్లు గోండులు కారు. ఇది నార్సింగి. ఇన్నాళ్లూ నేను అందరికీ అబద్ధం చెప్పాను."

తెలుగు వచ్చిన హెడ్మాస్టరు అప్పటికే కళ్లజోడు తీసి కళ్లు తుడుచుకుంటున్నాడు, నవ్వు ఆపుకోలేక. గుంపు వెనక నిలబడ్డ లింగమూర్తికి మాత్రం నవ్వు రాలేదు.

"అంటే నా బిడ్డను చూపెట్టి బతుకుతున్నవా ఇన్ని రోజులు?" అన్నాడు మెల్లగా. "మల్ల ఈ ఊరి దిక్కు రాకు."

రామచంద్రం తల వంచుకున్నాడు. ఏదో ఒకటి అంటుందని కనకలక్ష్మి వైపు చూశాడు. ఆమె నేలను చూస్తోంది.

"నిజం చెప్పడానికా నిన్ను పెట్టుకుంది?" అని, వ్యాను తిరిగి రాగానే వెంకటనారాయణ ఆబిడ్స్ అంతా వినపడేలా అరిచాడు. హెడ్మాస్టరు చల్లగా, "బోర్డు మీద ఉన్న చోటికి తీసుకెళ్తారా, పోలీసుల దగ్గరికి మేమే తీసుకెళ్లమంటారా?" అనేసరికి ఆయన గొంతులో తేనె ఊరింది. "అయ్యో, ఎంత మాటండీ. మన రామచంద్రమే దగ్గరుండి తీసుకెళ్తాడండీ."

పోలీసుల పేరు వినగానే వెంకటనారాయణకు పెట్రోలు దొరికింది, ఇంజను బాగైంది. వ్యాను చెక్కపని మాత్రం అంతా ఊడిపోయి ఉంది. మరమ్మతుకు నగరంలో వడ్రంగులకు కరువేమీ లేదు. అయినా రామచంద్రం సైకిలు తొక్కుకుంటూ, రావద్దన్న నార్సింగికే పోయాడు.

"తిట్టాలంటే తిట్టుండ్రి," అన్నాడు లింగమూర్తితో. "బండి బాగుచేసి మీరు గూడ రాండ్రి. ఈసారి నేనేం చెప్తనో మీ చెవులతోని ఇనుండ్రి."

లింగమూర్తి ఉలి కింద పెట్టాడు. లోపలి నుంచి పోచమ్మ, "పోదాం తీ. నేను గూడ మోటారెక్కుత," అంది. నాయనమ్మ బయల్దేరితే తోడుకు మనవరాలు పోవాలి కదా. అలా కనకలక్ష్మి తనకేమాత్రం ఇష్టం లేనట్టు ముఖం పెట్టి, కొత్త చీర కట్టుకుని వ్యానెక్కింది.

దారి పొడవునా లింగమూర్తి రామచంద్రాన్ని విచారిస్తూనే ఉన్నాడు. మీ అయ్య ఏం చేస్తడు, మీ ఇంటిపేరేంది, మీ తాతది ఏ ఊరు. వాళ్లూ తలుపులు, దర్వాజలు చేసే వడ్లవాళ్లేనని తేలాక, కామారెడ్డి దాటేసరికి, లింగమూర్తి కోపం వింతగా సగం తగ్గింది. నిర్మల్ ఘాటులో వ్యాను ఆయాసపడుతూ ఎక్కుతుంటే పచ్చటి లోయలు ఒక్కసారిగా విచ్చుకున్నాయి. అందరూ కిటికీల్లోంచి చూశారు. రామచంద్రం ఒక్కడే లోపలికి చూస్తున్నాడు.

"బయట సూడు," అంది కనకలక్ష్మి. "అందం అటున్నది."

"సూస్తున్న," అన్నాడతను, తల తిప్పకుండా.

ఉట్నూరు దాటాక ఒక గోండు గూడెం బయట వ్యాను ఆపి రామచంద్రం ముందుగా లోపలికి నడిచాడు. కొంచెం దూరంలో లింగమూర్తి, కనకలక్ష్మి. గూడెం పెద్ద మడావి సోము ఇంటి ముందు తాడు పేనుతున్నాడు. తెలుగు వచ్చు.

"వీళ్లంత మిమ్ముల చూడనీకె వచ్చిండ్రు," అన్నాడు రామచంద్రం. "మిమ్ముల అడగకుండనే చూపిస్తమని మాటిచ్చినం. తప్పే. వద్దంటే తిరిగి పోతం."

"చూసి ఏం చేస్తరు?"

రామచంద్రం ఆలోచించాడు. "తెల్వదు."

సోము తాడు పక్కన పెట్టాడు. "ఇంతకు ముందు వచ్చినోళ్లంత మా మంచికే వచ్చినమన్నరు. తెల్వదన్నోడివి నువ్వొక్కనివే. రమ్మను. కూసోని తిందురు. ఫొటోలు వద్దు. వాళ్లు ఒకటి అడిగితే మేం ఒకటి అడుగుతం."

అలా ఆ మధ్యాహ్నం జొన్న సంకటిలాంటి గటక, పప్పు తింటూ ప్రశ్నలు అటూ ఇటూ నడిచాయి. ఇల్లు ఎలా కట్టుకుంటారని సేటు అడిగాడు. మీ ఊళ్లో ఒకరి ఇంట్లో ఒకరు తినరట కదా, ఎందుకని గూడెం ఆడవాళ్లు అడిగారు. సేటు టై సవరించుకున్నాడు, లింగమూర్తి ఇంకాస్త పప్పు వేసుకున్నాడు. హెడ్మాస్టరు మాత్రం మంచి ప్రశ్న అని మెచ్చుకుని తప్పించుకున్నాడు.

తర్వాత సోము ఒక్కొక్కరినీ చూపించి ఎవరెవరికి ఏమవుతారని అడిగాడు. వంతు రామచంద్రం దాకా వచ్చింది.

"ఈ పిలగాడు నీకేమైతడు?" అన్నాడు లింగమూర్తితో.

రామచంద్రం చేతిలోని ముద్ద చేతిలోనే ఉండిపోయింది. లింగమూర్తి నీళ్లు తాగాడు, మూతి తుడుచుకున్నాడు, తీరిగ్గా గొంతు సవరించుకున్నాడు.

"మొన్నటి దాక ఏం గాడు," అన్నాడు. "ఇగ అల్లుడైతడేమో చూడాలె."

"నన్నెవ్వరు అడగలే," అంది కనకలక్ష్మి.

"ఇప్పుడు అడుగుతున్న. చెప్పు బిడ్డా."

ఆమె రామచంద్రాన్ని కింది నుంచి పై దాకా చూసింది, సంతలో ఎద్దును చూసినట్టు. "ఈయనతోని బతుకుడంటే మాటలు గాదు. జర సోంచాయించి చెప్త," అంది.

అంటూనే చాప మీద కాస్త పక్కకు జరిగి, అతను కూర్చునేంత చోటు చేసింది.